కార్డు చాలునా, పాలసీ కావాలా? సీమలో పిల్లలున్న ఇంటికి ఒక లెక్క

కర్నూలు పెద్దాసుపత్రికి కూతవేటు దూరంలో మా జిరాక్స్ షాపు. పేరుకే జిరాక్స్. రేషన్ కార్డులో పిల్లల పేర్లు ఎక్కించే అర్జీలు, ఈఎస్ఐ కార్డు ప్రింట్లు, ఇన్సూరెన్స్ క్లెయిమ్ ఫారాలు, డిశ్చార్జి సమ్మరీ నాలుగేసి కాపీలు, ఇవే మాకు అన్నం పెడుతున్నాయి. ఆదోని, కోసిగి, నంద్యాల నుంచి, ఒక్కోసారి నది అవతల గద్వాల నుంచి కూడా జనం వస్తారు. చేతిలో సంచి, చంకలో బిడ్డ.

కౌంటరు మీద చెయ్యి ఆనించి అడిగే ప్రశ్నలు రెండే. "అక్కా, మాకు తెల్లకార్డు ఉండాది కదా, మళ్ళా ఈ ప్రైవేటు పాలసీ దేనికి?" అని కొందరు. "మా ఆయనకు కంపెనీ పాలసీ ఉంది, ఆరోగ్యశ్రీ గొడవ మాకెందుకు?" అని ఇంకొందరు. ఇద్దరూ చూసేది మొత్తమే. ఇక్కడ 25 లక్షలంట, అక్కడ 5 లక్షలంట. బోరులో నీళ్ళున్నాయో లేదో చూడకుండా ఎకరాలు లెక్కబెట్టి పొలం కొన్నట్టు ఉంటుంది నాకు.

నేను తిరిగి ఒకటే అడుగుతా. రాత్రి పదకొండు గంటలకు పిల్లకు ఫిట్స్ వచ్చి, ఇక్కడి డాక్టరు పెద్ద ఊరికి తీసుకుపొమ్మంటే, మీరు ఏ ఊరి బండి ఎక్కుతారు?

దారి ముందు, మొత్తం తర్వాత

కర్నూలు వాళ్ళకు పెద్ద ఊరంటే హైదరాబాద్, 210 కిలోమీటర్లు. అనంతపురం వాళ్ళకు బెంగళూరు, అదీ దాదాపు అంతే దూరం. కడప వాళ్ళకు తిరుపతి, 140 కిలోమీటర్లు, అక్కడ కాదంటే వేలూరు, చెన్నై. ఆదోని, రాయదుర్గం వాళ్ళు బళ్ళారికి పోతారు. ఈ దారుల్లో తిరుపతి ఒక్కటే మన రాష్ట్రంలో ఉంది. తక్కినవన్నీ సరిహద్దు దాటేవే.

రాష్ట్రం ఇచ్చిన కార్డుకు రాష్ట్రంలో ఉన్నంత బలం బయట ఉండదు. మా ఊళ్ళో ఈ సంగతి ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. 2021 మేలో కోవిడ్ ఉధృతంగా ఉన్నప్పుడు తుంగభద్ర వంతెన అవతల పుల్లూరు దగ్గర తెలంగాణ పోలీసులు మన అంబులెన్సులను ఆపేశారు. హైకోర్టు జోక్యం చేసుకున్నాకే అవి కదిలాయి. అది మహమ్మారి సమయం, మళ్ళీ అలా జరగాలని లేదు. కానీ వైద్యానికి మనం ఎప్పుడూ పక్క రాష్ట్రం వైపే చూస్తామన్న విషయం ఆ వారం అందరికీ తెలిసొచ్చింది.

కాబట్టి ఒక కాగితం తీసుకుని పైన ఆ ఊరి పేరు రాయండి. కింద రాసే లెక్కంతా దాన్ని బట్టే ఉంటుంది.

ఆరోగ్యశ్రీ, ఇప్పటి పేరు ఎన్టీఆర్ వైద్యసేవ

2007 ఏప్రిల్ 1న ఉమ్మడి రాష్ట్రంలో ఈ పథకం మొదలైనప్పుడు తొలి మూడు జిల్లాల్లో మన అనంతపురం ఒకటి. తక్కిన రెండూ మహబూబ్‌నగర్, శ్రీకాకుళం. మూడూ కరువు, వలసల జిల్లాలే. ప్రభుత్వం మారినప్పుడల్లా బోర్డు మీద పేరు మారింది. జనం నోట మాత్రం ఆరోగ్యశ్రీయే నిలిచింది, నేనూ అలాగే అంటాను.

ఏడాదికి 5 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకు ఇది వర్తిస్తుంది. 2023 డిసెంబరులో ఒక కుటుంబానికి ఏడాది పరిమితిని 25 లక్షలకు పెంచారు. జాబితాలో 3,257 చికిత్సలు ఉన్నాయి. 2025 సెప్టెంబరులో మంత్రివర్గం కొత్త పద్ధతికి ఆమోదం తెలిపింది. దాని ప్రకారం 2.5 లక్షల వరకు ఇన్సూరెన్స్ కంపెనీ చూసుకుంటుంది, ఆపైన పేద కుటుంబాలకు 25 లక్షల వరకు పథకం నడిపే ప్రభుత్వ ట్రస్టు భరిస్తుంది. ఆ మొదటి 2.5 లక్షల భాగాన్ని ఆదాయంతో పనిలేకుండా అన్ని కుటుంబాలకూ ఇవ్వాలన్నది అందులోని కొత్త మాట. కార్డు లేదని ఇన్నాళ్ళూ పక్కన ఉండిపోయిన వాళ్ళు గ్రామ, వార్డు సచివాలయానికి వెళ్ళి దీని గురించి అడగడం మంచిది.

పిల్లల విషయంలో ఈ కార్డుకు ఉన్న అసలు గొప్ప ఆ 25 లక్షలు కాదు. ఎదురుచూపు లేదు, పాత జబ్బా కొత్త జబ్బా అన్న ప్రశ్న లేదు. గుండెలో రంధ్రంతో పుట్టిన బిడ్డకు ఏ ప్రైవేటు కంపెనీ అయినా పాలసీ ఇవ్వడానికి వెనకాడుతుంది. ఆరోగ్యశ్రీలో ఆ మాటే రాదు. తిరుపతిలో టీటీడీ వాళ్ళు 2021 అక్టోబరులో తెరిచిన శ్రీపద్మావతి చిన్నపిల్లల గుండె ఆసుపత్రికి మన మూడు జిల్లాల నుంచీ పిల్లలు వెళుతున్నారు. గ్రహణం మొర్రి, కాలిన గాయాలు, పిల్లల క్యాన్సర్లు, పుట్టు చెవుడుకు పెట్టే కాక్లియర్ మిషను, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డను బాక్సులో పెట్టడం, ఇవన్నీ పథకంలో ఉన్నాయి. పరీక్షలు, మందులు, తిండి, డిశ్చార్జి తర్వాత కొద్దిరోజుల మందులు ప్యాకేజీలోనే కలిసి ఉంటాయి.

ఇక ఇబ్బందులు. ఓపీ ఖర్చులు ఇందులో రావు. ప్యాకేజీ ధరలు చాలవనో, బకాయిలు రాలేదనో ప్రైవేటు ఆసుపత్రులు మొహం చాటేస్తుంటాయి. 2024లోనూ 2025లోనూ నెట్‌వర్క్ ఆసుపత్రుల, అంటే పథకంలో చేరిన ఆసుపత్రుల సంఘం బకాయిల కోసం సేవలు ఆపిన సందర్భాలు ఉన్నాయి. అలాంటి రోజున మీ బిడ్డకు ఆపరేషన్ తేదీ పడితే చేతిలో కార్డు ఉన్నా టెన్షన్ తప్పదు. అందుకే నేను అందరికీ చెప్పేది, నెట్‌వర్క్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిని, ఒక ప్రభుత్వ ఆసుపత్రిని, రెండింటినీ ముందే చూసి పెట్టుకోండని. కర్నూలు, అనంతపురం సర్వజన ఆసుపత్రులు, కడప రిమ్స్, ఈ మూడింటిలోనూ పిల్లల విభాగం ఉంది. వరండాలో జనాన్ని చూసి బెదిరిపోయి వెనక్కి వచ్చేవాళ్ళను రోజూ చూస్తాను. లోపల ఉండే డాక్టర్లు మాత్రం ఒక నెలలో చూసే కేసులు బయటి క్లినిక్‌లో ఏడాదికి కూడా రావు.

రాష్ట్రం బయట? 2019 నవంబరు నుంచి హైదరాబాద్, బెంగళూరు, చెన్నైలలో కొన్ని ఆసుపత్రుల్లో 716 పెద్ద చికిత్సలకు అనుమతి ఇచ్చారు. చికిత్స ఆ జాబితాలో ఉండాలి, ఆసుపత్రీ ఆ జాబితాలోనే ఉండాలి. రెండూ కలిస్తేనే పని జరుగుతుంది. బండి ఎక్కేముందు 104కు ఫోన్ చేసి, జబ్బు పేరు, ఆసుపత్రి పేరు రెండూ చెప్పి అడగండి. "హైదరాబాద్‌లో చెల్లుతుందంట" అని ఊళ్ళో ఎవరో అన్న మాట పట్టుకుని పోయి, అక్కడ అడ్వాన్సు కట్టలేక తిరిగొచ్చిన వాళ్ళు మా షాపు ముందు అరుగు మీద కూర్చుని ఏడ్చారు. ఒకరిద్దరు కాదు.

ఒకవేళ పథకం కింద చేర్చుకున్న ఆసుపత్రే అదనంగా డబ్బు అడిగితే, కట్టకముందే పథకం తరఫున అక్కడ ఉండే ఆరోగ్యమిత్రకు చెప్పండి. ఆయన పట్టించుకోకపోతే 104. కట్టేశాక రసీదు ఇవ్వరు, రసీదు లేకపోతే ఫిర్యాదు నిలవదు. అత్యవసరమైతే ఆసుపత్రి వాళ్ళు ఫోన్ మీదే అనుమతి తీసుకునే పద్ధతి ఉంది కాబట్టి, కార్డు ఇంట్లో మరిచిపోయామని సగం దారిలో ఆగొద్దు.

అసలు చిక్కు పేర్లలో ఉంటుంది

నా అనుభవంలో కార్డు పనిచేయకపోవడానికి పెద్ద కారణం ప్రభుత్వమూ కాదు, ఆసుపత్రీ కాదు. అక్షరాలు.

రేషన్ కార్డులో పిల్లాడి పేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా, బర్త్ సర్టిఫికెట్‌లో మరోలా ఉంటుంది. ఒకచోట ఇంటిపేరు ముందు, ఇంకోచోట వెనక. ఆసుపత్రిలో పుట్టిన రోజున నర్సమ్మ "బేబీ ఆఫ్" అని రాసి తల్లి పేరు పెడుతుంది, మూడేళ్ళయినా దాన్ని ఎవరూ మార్చరు. ఇంకా పెద్ద చిక్కు కొత్త కోడళ్ళది. పెళ్ళై నాలుగేళ్ళయినా ఆమె పేరు పుట్టింటి కార్డులోనే ఉంటుంది, బిడ్డ పేరు ఏ కార్డులోనూ ఉండదు. జ్వరం వచ్చిన రోజున అర్జీ పెడితే అది ఆ రోజే తేలదు కదా.

ఐదేళ్ళ లోపు పిల్లలకు వేలిముద్రలు లేకుండానే ఆధార్ ఇస్తారు. ఐదు నిండాక ఒకసారి, పదిహేను నిండాక ఒకసారి వేలిముద్రలు, కంటిపాప వివరాలు ఇచ్చి అప్‌డేట్ చేయించాలి. బడిలో చేర్చేటప్పుడు గుర్తొస్తుంది గానీ అంతకుముందు ఎవరికీ గుర్తుండదు. ఏ పాలసీ కొనాలని నన్ను అడిగేవాళ్ళతో ముందు ఈ పని చేయిస్తాను. దీనికి పెద్ద ఖర్చు లేదు, ఓ రెండు రోజులు పని పోతుంది, అంతే.

ఆయుష్మాన్ కార్డు వేరే తీసుకోవాలా?

కేంద్రం 2018 సెప్టెంబరులో మొదలుపెట్టిన ఆయుష్మాన్ భారత్ కింద కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు. మన రాష్ట్రంలో ఇది ఆరోగ్యశ్రీతో కలిసే నడుస్తుంది. అంకె చూసి "5 లక్షలే కదా" అని చాలామంది పక్కన పెడతారు. కానీ దారి లెక్కలో దీని విలువ వేరు, ఈ పథకంలో ఉన్న ఆసుపత్రుల్లో దేశమంతా చెల్లుతుంది. కోసిగి, మంత్రాలయం వైపు నుంచి బెంగళూరు బిల్డింగ్ పనులకు పోయే కుటుంబాలు దీన్ని తప్పకుండా చేయించుకోవాలి. గుంటూరు మిరపకోతకు పోయేవాళ్ళకు ఆ బాధ లేదు, గుంటూరులో ఆరోగ్యశ్రీయే చెల్లుతుంది. అర్హుల జాబితాలో పేరుంటే ఆధార్‌తో కేవైసీ, అంటే గుర్తింపు ధ్రువీకరణ, చేయించుకోవాలి, ఇంట్లో ప్రతి మనిషికీ విడిగా. తండ్రి ఒక్కడికే చేయించి ఇంటిల్లిపాదికీ అయిపోయిందనుకోవద్దు. వెళ్ళేముందు 14555కు ఫోన్ చేసి అక్కడి ఆసుపత్రి పథకంలో ఉందో లేదో కనుక్కోవచ్చు.

ఇంట్లో డెబ్భై దాటిన అవ్వా తాతలు ఉంటే వాళ్ళకు వయ వందన కార్డు వేరేగా ఉంది. 2024 అక్టోబరు చివర్లో మొదలైంది, ఆదాయం ఎంతైనా ఇస్తారు. పిల్లల గురించి రాస్తూ అవ్వాతాతలు ఎందుకంటారా? వలసల ఊళ్ళలో పిల్లలను పెంచేది వాళ్ళే.

జీతం 21,000 లోపు అయితే ఈఎస్ఐని చిన్నచూపు చూడొద్దు

ఆదోని జిన్నింగ్ మిల్లులు, రాయదుర్గం జీన్స్ కుట్టే యూనిట్లు, ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలు, పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీకి విడిభాగాలు చేసే కంపెనీలు, ఇలాంటి చోట్ల నెలకు 21,000 లోపు జీతమైతే ఈఎస్ఐ, అంటే ఉద్యోగులకు ప్రభుత్వం నడిపే బీమా, కోత పడుతుంది. మనిషి వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. 15,000 జీతానికి మీకు పోయేది నెలకు 113 రూపాయలు, యజమాని కట్టేది 488. ఈ ధరకు ప్రపంచంలో ఏ కంపెనీ అయినా మొగుడూ పెళ్ళాం, పిల్లలు, ఆధారపడిన తల్లిదండ్రులు అందరికీ ఓపీతో సహా వైద్యం ఇస్తుందా? పైగా ఇంత మొత్తం వరకే అన్న గిరి లేదు.

అసలు దీనికి పోటీ లేనిది ఇంకోచోట ఉంది. ఇది ఆసుపత్రి బిల్లుతోనే ఆగదు. జబ్బుపడి పనికి పోలేని రోజులకు ఏడాదికి 91 రోజుల వరకు జీతంలో 70 శాతం ఇస్తుంది. ఆడమనిషి ఉద్యోగి అయితే కాన్పుకు 26 వారాలు పూర్తి జీతం. పాలిచ్చే తల్లి ఆరు నెలలు ఇంట్లో ఉండగలిగితే ఆ బిడ్డకు అంతకన్నా కావాల్సిన ఆరోగ్య బీమా ఏముంటుంది? ఆరోగ్యశ్రీ కార్డు గానీ, మామూలు ప్రైవేటు పాలసీ గానీ ఇన్నాళ్ళ జీతం ఇవ్వవు. అందుకని, "కోత వద్దు, ఆ నూరు రూపాయలు చేతికివ్వండి" అని సూపర్‌వైజరును బతిమాలేవాళ్ళను చూస్తే నాకు కోపం వస్తుంది. రాయదుర్గంలో మిషను తొక్కే ఆడపిల్లలకు ఇది ముందే చెప్పేవాళ్ళు కావాలి.

లోపం లేదా అంటే ఉంది. డిస్పెన్సరీ మీ ఊళ్ళో ఉందో లేదో చూసుకోవాలి. తిరుపతిలో ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది, అది కడప వాళ్ళకు అందుబాటు, ఆదోని వాళ్ళకు కాదు. పెద్ద జబ్బులకు రెఫరల్ కాగితాల కోసం తిరగాలి. చాలా ఇళ్ళలో కార్డులో భర్త పేరు ఒక్కటే ఉంటుంది, భార్యా పిల్లల పేర్లు చేర్చరు. అది ఆన్‌లైన్‌లో పది నిమిషాల పని. జీతం మధ్యలో 21,000 దాటినా వెంటనే పోదు, ఆ ఆరు నెలల చందా కాలం ముగిసేదాకా నడుస్తుంది. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు ఒకటి, అక్టోబరు నుంచి మార్చి ఇంకొకటి. జీతం పెరిగిందన్న సంతోషంలో ఆ తేదీ మరిచిపోతే మధ్యలో ఏ రక్షణా లేని నెలలు వస్తాయి. ప్రైవేటు పాలసీ ఆ లోపే మొదలుపెట్టుకోవాలి.

ప్రైవేటు పాలసీ: కొనేముందు చదవాల్సిన నాలుగు వరుసలు

ఇక్కడ మా ఇంటి సంగతే చెబుతాను. మాకు 5 లక్షల ఫ్యామిలీ ఫ్లోటర్, అంటే ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే పాలసీ, ఉంది. మా చిన్నోడికి డెంగీ వచ్చి ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. పిల్లాడికి ఏసీ ఉంటే మంచిదని రోజుకు 8,000 గది తీసుకున్నాం. పాలసీలో గది అద్దె పరిమితి 1 శాతం, అంటే 5,000. ఎక్కువైన మూడు వేలు మనం పెట్టుకుంటే సరిపోతుందనుకున్నా. అలా కాదు. గదిని బట్టి డాక్టరు ఫీజు, నర్సింగ్ చార్జీలు అన్నీ పెరుగుతాయి కాబట్టి ఆ మొత్తంలో ఎనిమిదికి ఐదు చొప్పునే ఇస్తారు. గది, ఫీజులు కలిపి 80,000 అయితే కంపెనీ 50,000 ఇచ్చింది, 30,000 మా చేతి నుంచి. మందుల బిల్లుకు ఈ కోత పడలేదు, అదొక్కటే ఊరట. ఏజెంటును అడిగితే "పాలసీ కాగితంలో ఉందమ్మా" అన్నాడు. ఉంది నిజమే. రోజూ ఊరందరి కాగితాలు చదివేదాన్ని, నా కాగితం చదువుకోలేదు.

రెండో దెబ్బ మా చెల్లెలికి తగిలింది. తొలి కాన్పుకు పుట్టింటికి రమ్మంటే, పెద్ద ఆసుపత్రులున్నాయని హైదరాబాద్‌లోనే ఉండిపోయింది. ఎనిమిదో నెలలోనే నొప్పులొచ్చాయి, బిడ్డను పందొమ్మిది రోజులు బాక్సులో పెట్టారు. వాళ్ళకు పాలసీ ఉంది, రెండేళ్ళుగా కడుతున్నారు. కానీ అందులో కాన్పు లేదు, అందువల్ల పుట్టిన బిడ్డ కూడా లేదు. మామూలు ఫ్లోటర్లలో బిడ్డను 91వ రోజు నుంచే చేర్చుకుంటారు. బిడ్డకు ఎక్కువ ప్రమాదం ఉండేది ఆ తొంభై రోజుల్లోనే. చెల్లెలి గాజులు తాకట్టుకు పోయాయి. అదే కాన్పు కర్నూలు పెద్దాసుపత్రిలో అయి ఉంటే నవజాత శిశువుల వార్డులో ఒక్క రూపాయి అయ్యేది కాదు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు, సిజేరియన్, మందులు, రక్తం, ఏడాది లోపు బిడ్డకు వైద్యం, అన్నీ ఉచితం. 2011 నుంచి ఇది పథకంగానే ఉంది. కాన్పయ్యాక తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ ఇంటిదాకా దింపుతుంది.

కాబట్టి పాలసీ కాగితంలో ముందు గది అద్దె పరిమితి చూడండి. పరిమితి లేనిదో, సింగిల్ రూము అని రాసిందో అయితే ప్రీమియం కొంచెం ఎక్కువైనా అదే మేలు. తర్వాత కాన్పు, పసిబిడ్డ సంగతి. కాన్పు కవర్‌కు తొమ్మిది నెలల నుంచి మూడు నాలుగేళ్ళ దాకా ఎదురుచూపు ఉంటుంది, కడుపు పండాక కొంటే పనికిరాదు. మూడోది పాత జబ్బుల ఎదురుచూపు, 2024 నుంచి ఇది మూడేళ్ళకు మించకూడదు. నాలుగోది కో పే, అంటే ప్రతి బిల్లులో మీ వాటా. మొదటి 30 రోజుల్లో ప్రమాదాలకు తప్ప దేనికీ ఇవ్వరని కూడా గుర్తుంచుకోండి. పాలసీ చేతికొచ్చాక నచ్చకపోతే 30 రోజుల్లోపు తిరిగి ఇచ్చేయొచ్చు. ఆ నెలలో ఒక సాయంత్రం కూర్చుని చదవండి.

2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తులు, కుటుంబాలు తీసుకునే ఆరోగ్య పాలసీల మీద 18 శాతం జీఎస్టీ తీసేశారు. రెన్యువల్ నోటీసులో అది తగ్గిందో లేదో చూసుకోండి.

ప్రైవేటు పాలసీకి ఉన్న బలం మళ్ళీ దారే. హైదరాబాద్, బెంగళూరు, వేలూరు, ఎక్కడైనా చెల్లుతుంది, సరిహద్దు లెక్క లేదు. చేతి డబ్బు కట్టకుండా చేర్చుకునే క్యాష్‌లెస్ అనుమతి అడిగితే గంటలో తేల్చాలని బీమా నియంత్రణ సంస్థ 2024లో నియమం పెట్టింది.

ఏ కార్డులోనూ రాని ఖర్చులు

పిల్లలున్న ఇంట్లో ఏడాది పొడవునా అయ్యే ఖర్చు ఆపరేషన్లది కాదు. జలుబు, విరేచనాలు, చెవి పోటు, పన్ను నొప్పి, కళ్ళద్దాలు, ఆటో చార్జీలు. వీటికి ఆరోగ్యశ్రీ రాదు, మామూలు పాలసీ రాదు, ఈఎస్ఐ ఒక్కటే కొంత వరకు వస్తుంది. అందుకే పాలసీ కొనే స్తోమత లేనివాళ్ళతో పోస్టాఫీసులో ఓ పదివేలు విడిగా పెట్టుకోమంటాను. నూరు, రెండు నూర్లుగా కడితే అదే చేరుతుంది.

టీకాల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ప్రైవేటు క్లినిక్‌లో వేల రూపాయలు పెట్టి వేయించే న్యుమోనియా టీకా, రోటా వైరస్ టీకా ఇప్పుడు పీహెచ్‌సీలో ఉచితంగా వేస్తున్నారు. ఏఎన్ఎం దగ్గర వేయిస్తే తక్కువ రకమేమో అన్న అనుమానం మా షాపుకొచ్చే టీచర్లలోనే ఎక్కువ చూశాను.

అంగన్‌వాడీకీ బడికీ వచ్చే ఆర్‌బీఎస్‌కే బృందాలను తేలిగ్గా తీసుకోవద్దు. 2013 నుంచి నడుస్తున్న ఈ కార్యక్రమంలో పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ళ దాకా పిల్లలను చూసి, పుట్టు లోపాలు, పోషకాహార లోపాలు, ఎదుగుదలలో ఆలస్యం కనిపెట్టి పెద్దాసుపత్రికి రాసిస్తారు. వంకర పాదాలు, చెవుడు, గుండె చప్పుడులో తేడా వీళ్ళు పట్టుకున్నవే. కానీ వాళ్ళు ఇచ్చిన చీటీ బడి సంచిలోనే నలిగిపోతుంది. నెలవారీ బిడ్డ తూకం కూడా అంతే, అంగన్‌వాడీలో గీత కిందికి దిగుతున్నా "మా వంశంలో అందరం సన్నమే" అని నవ్వేస్తారు.

మీ ఇల్లు ఏది?

కూలీ, సేద్యం, రేషన్ కార్డు ఉన్న ఇల్లయితే ప్రైవేటు పాలసీకి డబ్బు పెట్టొద్దు. పేర్లు సరిచేయించుకోండి, ఆయుష్మాన్ కేవైసీ చేయించండి, సంపాదించే మనిషికి బ్యాంకులో ఏడాదికి 20 రూపాయల ప్రమాద బీమా కట్టండి, ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు వస్తాయి. మొదటి కాన్పుకు కేంద్రం ఇచ్చే 5,000, రెండో బిడ్డ ఆడపిల్ల అయితే 6,000 అంగన్‌వాడీలో అడిగి తీసుకోండి.

ఈఎస్ఐ ఉంటే అదే మీ మొదటి దిక్కు. డబ్బు మిగిలితే, పెద్ద జబ్బుకు బయటి రాష్ట్రం వెళ్ళాల్సి వస్తుందన్న భయముంటే, చిన్న పాలసీ ఒకటి పక్కన పెట్టుకోవచ్చు.

ఆదాయం 5 లక్షలు దాటిన చిన్న వ్యాపారులు, ప్రైవేటు కాలేజీ లెక్చరర్లు, వీళ్ళ పరిస్థితే ఇరుకు. కార్డుకు ఎక్కువ, ఆసుపత్రి బిల్లుకు తక్కువ. వీళ్ళు మాత్రం పాలసీ వాయిదా వేయకూడదు. పెళ్ళైన ఏడాదే కాన్పు కవర్‌తో తీసుకుంటే పిల్లలు పుట్టేనాటికి ఎదురుచూపు తీరుతుంది. దంపతులిద్దరూ ముప్ఫైల్లో ఉండి, ఇద్దరు పిల్లలతో 10 లక్షల ఫ్లోటర్ అయితే ప్రీమియం అందుబాటులోనే ఉంటుంది. నలభై దాటాక బీపీ, షుగరు కనిపించాక అదే పాలసీ ఖరీదైపోతుంది.

సాఫ్ట్‌వేర్ కుటుంబాలకు చాలావరకు కంపెనీ పాలసీలో కాన్పు, బిడ్డ మొదటి రోజు నుంచే ఉంటాయి, అందుకు అది బంగారం. కానీ ఉద్యోగం పోయిన రోజే అదీ పోతుంది. సొంతంగా ఇంకొకటి ఉండాల్సిందే.

అనంతపురం వైపు వాళ్ళకు ఒక అదృష్టం ఉంది, అది ఏ పథకంలోనూ రాదు. పుట్టపర్తిలో 1991లో తెరిచిన సత్యసాయి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రిలో బిల్లు కౌంటరే లేదు, కార్డు ఉన్నా లేకున్నా గుండె ఆపరేషన్ ఉచితం, వరుసలో వేచి ఉండాలి, అంతే. బత్తలపల్లి, కళ్యాణదుర్గం, కణేకల్లులో ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ ఆసుపత్రులు తక్కువ ఖర్చుతో కాన్పులు, పిల్లల వైద్యం చేస్తాయి. ఈ రెంటినీ చూడకుండా ముందే బెంగళూరు బస్సెక్కడం తొందరపాటు.

మొన్న కోసిగి నుంచి ఒకామె వచ్చింది. మిరపకోతకు గుంటూరు పోతున్నారు, పిల్లలిద్దరినీ అవ్వ దగ్గర వదిలి. ఫోన్‌లో ఏదో పాలసీ ప్రకటన చూపించి "ఇది తీసుకోమంటావా అక్కా" అంది. చిన్నోడి పేరు రేషన్ కార్డులో లేనే లేదు. అర్జీ పెట్టించి, రేషన్ కార్డుకీ పిల్లల ఆధార్‌లకూ రెండేసి కాపీలు తీశాం. ఒక కట్ట ఆమె సంచిలో పెట్టుకుంది, ఇంకో కట్ట ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఆ కవర్ మీద పెద్ద అక్షరాలతో 108, 104 అని స్కెచ్ పెన్నుతో రాసి ఇచ్చాను. అవ్వకు చదువు రాదంట, అంకెలు మాత్రం గుర్తుపడుతుందంట.